ఒంటిచేతి చొక్కా

ఆమెను అందరూ కాలరక్క అనేవారు. బట్టల ఫ్యాక్టరీలో చేరిన రోజున కాలర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ మూతపడేదాకా అక్కణ్ణుంచి లేపలేదు. ఒకరు జేబులు, ఒకరు చేతులు, ఒకరు కాజాలు కుట్టే చోటు అది. ఆమె కుట్టిన కాలర్లు ఎన్ని వేల మెడలకు ఎక్కాయో ఎవరికీ తెలియదు గానీ, అన్నేళ్ళలో ఒక్క చొక్కా కూడా మొదటినుంచి చివరిదాకా తన చేత్తో కుట్టలేదు. ఆ మాట ఎవరైనా అంటే నవ్వేసేది. "చొక్కాకి మొహం కాలరే కదా. మిగతాదంతా ఒళ్ళు. ఒళ్ళు ఎవరు చూస్తారు" అనేది.

ఫ్యాక్టరీ మూసేశాక తన మిషను తనే కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. సైకిలు షాపు పైన ఒక గది, ఒక వంటిల్లు. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కర్టెన్లకు అంచులు కుట్టడం, ఇలా గడుస్తోంది. కింద సైకిళ్ళ గంటలు పరీక్షించే చప్పుడుకీ పైన మిషను చప్పుడుకీ పొంతన కుదిరిపోయింది. ఆమెకు అంతకంటే ఏమీ అక్కర్లేదు కూడా.

ఆమెకు ఒక అక్క, ఒక తమ్ముడు. అక్క పోస్టాఫీసు కౌంటరులో పనిచేసి రిటైరయింది. స్టాంపు వంకరగా అంటించిన ఉత్తరాన్ని వెనక్కి ఇచ్చేసే రకం మనిషి. ఉద్యోగంలో వేసుకున్న కాలరు చొక్కాలే రిటైరయ్యాక కూడా వేసుకునేది, ఇస్త్రీ నలగకుండా. తమ్ముడు నడిబజారులో రెడీమేడ్ బట్టల షోరూములో అమ్మకాల మనిషి. వాడు మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది కాబట్టి చిన్నప్పుడే వాడికి మైకు అని పేరు పెట్టారు. షోరూములో కూడా ఆ పేరే స్థిరపడింది.

అక్కకు పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, కాలు కొంత నిలబడింది, కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకు కాలరక్క ఒక ఉదయం చూడబోయింది. తలుపు తీసేసరికి బావగారు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అక్కకు చొక్కా తొడుగుతున్నాడు. ఆయన జీవితంలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. పడిపోయిన చేతిని చొక్కా చేతిలోకి దూర్చడం ఆయనకు చేతకావడం లేదు. దూర్చేసరికి ఆమె భుజం లాగేస్తోంది. ఆమె పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తోంది. తీరా గుండీలు పెట్టాక చూస్తే పై గుండీ కింది కాజాలో పడి, చొక్కా ఒక పక్కకు ఎగిరి ఉంది.

"మళ్ళీ విప్పండి" అంది అక్క.

"ఇంట్లోనే కదా ఉంటావు. ఇవాళ్టికి ఉండనీ."

"ఇంట్లో ఉంటే నాకు కళ్ళు లేవా?"

ఆయన మళ్ళీ విప్పాడు. కాలరక్క సాయం పట్టబోతే అక్క ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. తర్వాత వంటింట్లో బావగారు గొంతు తగ్గించి చెప్పాడు, అక్క ఎవరినీ ఇంటికి రానివ్వడం లేదని, వ్యాయామం చేయించే చోటికి కూడా వెళ్ళనంటోందని. "నాతో తొడిగించుకుని బయటికి రావడం కన్నా మంచంలో ఉండిపోవడమే నయం అంటోంది, మరదలా. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గౌను ఉంది. వెనక ముడి వేసేది. అది చూపిస్తే నా మీద గ్లాసు విసిరింది. ఎడమ చెయ్యి కాబట్టి గురి తప్పింది."

ఇంటికి వచ్చి కాలరక్క అక్క పాత చొక్కా ఒకటి బల్ల మీద పరిచింది. కాలరు వరకు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అక్కణ్ణుంచి కిందికి అంతా కొత్త ఊరే. కుడి భుజం కుట్టు విప్పదీసింది. చొక్కా చెయ్యి పొడుగునా కోసింది. గుండీలు తీసేసి టిచ్ బటన్లు వేసింది. ఒంటిచేత్తో కాజాలోకి గుండీ దూర్చడం కష్టం గానీ టిచ్ బటను నొక్కితే చాలు కదా అనుకుంది.

తీసుకెళ్ళి ఇచ్చింది. అక్క తొడుక్కోవడానికి ప్రయత్నించి, చెమటలు పట్టి, తీసి మంచం మీద పడేసింది. "ఇది చొక్కా కాదే, చేపల వల." ఇంకోటి కుట్టింది. అది మెడ దగ్గర నోరు తెరుచుకుంది. మరోటి కుడితే చెయ్యి పట్టింది, పట్టాక ఊడిరాలేదు. కత్తిరించాల్సి వచ్చింది. ప్రతిసారీ అక్క పోస్టాఫీసు కౌంటరు గొంతుతో తప్పులు చెప్పేది, చెల్లెలు విని ఇంటికి వెళ్ళి విప్పదీసేది. బావగారు మధ్యలో టీ కప్పులు పెట్టి తప్పుకునేవాడు. పైకి ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టే ఉండేది. కానీ అక్క మంచం దిగి బల్ల దగ్గర కుర్చీలో కూర్చోవడం ఆ రోజుల్లోనే మొదలైంది. 

ఒక మధ్యాహ్నం అక్క ఎడమ చేత్తో బటన్లు నొక్కుకుంటూ ఆగింది.

"ఇది చూడు. భుజం మీద నొక్కితే టక్కున పడింది. పొట్ట మీద నొక్కితే పొట్ట లోపలికి పోతోంది తప్ప బటను పడటం లేదు."

కాలరక్క తన పొట్ట మీద నొక్కుకుని చూసుకుంది. తర్వాత పక్కటెముకల మీద, తుంటి మీద. రెండు చేతులున్న మనిషి బటను వెనక ఇంకో వేలు పెట్టి నొక్కుతుంది. ఒక చెయ్యే ఉంటే ఆ వెనక వేలి పని ఎముక చెయ్యాలి.

"అయితే బటన్లన్నీ ఎముక ఉన్నచోటే ఉండాలి" అంది.

"మరి ముందు వరస?"

"ముందు వరస ఊరికే. చూడ్డానికి గుండీలుంటాయి, తెరుచుకోవు. చొక్కా పక్కనుంచి తెరుచుకుంటుంది, పుస్తకం అట్టలా."

అలా కుట్టిన చొక్కాను బల్ల మీద పరుచుకోవాలి. పడిపోయిన చేతిని ముందు అందులో పడుకోబెట్టాలి. మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర బటన్లు నొక్కాలి. మిగతా గుడ్డను మెడ వెనకనుంచి తిప్పుకుని మంచి చేతిని రెండో పక్క దూర్చాలి. ముందు భాగాన్ని గుండెల మీదుగా లాక్కుని భుజం మీద, పక్కటెముకల మీద, తుంటి మీద నొక్కాలి. అక్క మొదటిసారి అదంతా తనంతట తను చేసుకోవడానికి టీ చల్లారిపోయేంత సేపు పట్టింది. చేసుకుని అద్దం ముందుకు వెళ్ళింది. కాలరు నిటారుగా నిలబడి ఉంది. ముందు గుండీలు వరసగా ఉన్నాయి. చూసేవాళ్ళకు మామూలు చొక్కా.

"కాలరు బాగా కుట్టావు" అంది అక్క.  తర్వాతి వారం నుంచి వ్యాయామానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

వ్యాయామం చేయించేది ఒక పడుచు డాక్టరమ్మ. ఆమె గదిలో గోడకు కప్పీలు, తాళ్ళు, కిటికీ కింద పొడుగు బల్ల. అక్కడికి వచ్చేవాళ్ళలో బస్సు డ్రైవరు ఒకడు. ప్రమాదంలో ఎడమ చేతి నరాలు తెగి, చెయ్యి వేలాడిపోయింది. ఎవరితోనూ మాట్లాడడు. అక్క చొక్కా పక్కనుంచి తెరవడం చూసి ఆ రోజు నోరు విప్పాడు.

"ఇది ఎక్కడ కొన్నారమ్మా?"

"కొనలేదు. మా చెల్లెలు కుట్టింది."

"నాకూ కుడుతుందా?"

కుట్టింది, ఎడమ పక్కకు మార్చి. డ్రైవరు సంతోషంగా పట్టుకెళ్ళి, రెండు రోజులకు ఉండచుట్టి తెచ్చి వ్యాయామం గదిలో బల్ల మీద పడేశాడు. అతని మొహం మాడిపోయి ఉంది. "ఇది నాతో అయ్యే పని కాదు. ఇందులో చెయ్యి పెడితే తల ఎటు పెట్టాలో తెలీడం లేదు. మా ఆవిడ నవ్వింది."

ఆ రోజు అక్కతో వచ్చిన కాలరక్క చొక్కాను ఇటూ అటూ తిప్పి చూసింది. కుట్టులో తప్పేమీ కనబడలేదు. అక్క కుర్చీలోంచి లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఏ చెయ్యి ముందు పెట్టారు?"

"మంచి చెయ్యి."

"అదీ సంగతి. ముందు పనిచెయ్యని చెయ్యి. దాన్ని బతిమాలకండి, బల్ల మీద పడుకోబెట్టండి. ఊఁ. ఇప్పుడు ఎముక ఎక్కడుందో చూసుకుని నొక్కండి. అక్కడ కాదు, అది కండ."

తన చొక్కా విప్పుకుని, లోపలి బనీనుతోనే నలుగురి ముందూ కూర్చుని, ఆమె మళ్ళీ మొదటినుంచి తొడుక్కుని చూపించింది. గోడకేసి చూస్తూ పళ్ళు బిగబట్టిన మనిషేనా ఈమె అని బావగారు గుమ్మంలో నిలబడిపోయాడు. డ్రైవరు రెండుసార్లు తప్పాడు, రెండుసార్లు చీవాట్లు తిన్నాడు, మూడోసారి తొడుక్కున్నాడు. తుంటి మీద ఆఖరి బటను కూడా పడింది. తర్వాత దాన్ని విప్పి, ఎవరూ చెప్పకుండానే మళ్ళీ తొడుక్కున్నాడు.

కాలరక్క ఆ రోజు ఒక నిర్ణయానికి వచ్చింది. చొక్కా ఒక్కటే ఇస్తే సగం ఇచ్చినట్టు. మిగతా సగాన్ని, అదే చొక్కా వేసుకునే ఇంకో మనిషి పక్కన కూర్చుని చూపించాలి. తను చూపించలేదు, తనకు రెండు చేతులూ ఉన్నాయి. తను చెబితే అది మాట అవుతుంది తప్ప సాయం కాదు. కాబట్టి చూపించే మనిషి దొరికాకే కొత్తవాళ్ళకు చొక్కా ఇస్తానంది. నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరికి నేర్పాలి. అంతే షరతు. ఎవరైనా డబ్బు చేత్తో పట్టుకుని వచ్చి వెంటనే కావాలంటే, "గురువారం రండి, ముందు కూర్చోండి" అనేది.

గురువారం మధ్యాహ్నం అంటే అక్క ఇంటి ముందుగది. వచ్చినవాళ్ళంతా తమ చొక్కాల మీద ఫిర్యాదులు తెచ్చేవారు. కాలరు మెడకు రాసుకుంటోందని ఒకరు, మణికట్టు బటను చలికాలం చల్లగా తగులుతోందని ఇంకొకరు. పొలంలో పనిచేసే ఒకావిడ, తుంటి మీది బటను బుట్ట మోసేటప్పుడు ఊడుతోందంది. కాలరక్క అన్నీ విని, వాళ్ళ ఒంటి మీదే సుద్దతో గీతలు పెట్టి, తర్వాతి చొక్కాలో మార్చేది. తన ఫిర్యాదు వల్ల చొక్కా మారిందని తెలిసిన మనిషి దాన్ని తన సొంతంలా చూసుకునేది. "ఈ తుంటి బటను నాది" అని పొలం ఆవిడ కొత్తగా వచ్చినవాళ్ళకు గర్వంగా చూపించేది. ఒంటిచేతి చొక్కా అన్న పేరు కూడా వాళ్ళలో ఎవరో పెట్టిందే.

ఇదంతా మైకు కంట్లో పడకుండా ఎన్నాళ్ళుంటుంది? ఒక ఆదివారం ఇద్దరక్కల ముందూ కూర్చుని మొదలుపెట్టాడు.

"చిన్నక్కా, నువ్విలా ఒక్కొక్కటీ కుడుతూ పోతే ఎప్పటికి తేలుతుంది? ఊళ్ళో చెయ్యి పడిపోయినవాళ్ళు ఎంతమంది లేరు. వాళ్ళందరికీ అందొద్దా?"

"అందుతుంది. మెల్లగా."

"మెల్లగా అంటే వాళ్ళు పోయాకా? నమూనా నాకివ్వు. మా షోరూము యజమాని వర్కుషాపులో కుట్టిస్తాడు. అద్దాల్లో పెడతాం, బ్యానరు కడతాం. ఒక్క రోజులో ఊరంతా తెలుస్తుంది."

"తెలియడం వేరు, తొడుక్కోవడం వేరు" అంది పెద్దక్క.

"పెద్దక్కా, చొక్కా తొడుక్కోవడం కూడా క్లాసు పెట్టి చెప్పాలా?"

"నీకు చెప్పాం కదరా. ఏడేళ్ళొచ్చేదాకా తలకిందులుగా తొడుక్కునేవాడివి."

అందరూ నవ్వారు, మైకు కూడా. కానీ వాడి మాటలో ఒక ములుకు ఉంది. అందొద్దా అన్న ప్రశ్న కాలరక్కను వదల్లేదు. షరతు పేరుతో తను కొందరిని గుమ్మం బయట నిలబెడుతోందేమో అని అనుమానం పట్టుకుంది. తమ్ముడు మంచి ఉద్దేశంతోనే అడుగుతున్నాడు. వాణ్ణి కాదనడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. నమూనా కాగితాలు చుట్టి ఇచ్చేసింది.  అక్క ఆ వారం ఆమెతో మాట్లాడలేదు.

షోరూములో హడావుడి బాగానే జరిగింది. అద్దం వెనక బొమ్మకు ఒక చెయ్యి తీసేసి చొక్కా తొడిగారు. పత్రికవాళ్ళు ఫోటో తీసుకున్నారు. మైకు గుమ్మంలో నిలబడి గొంతు పోయేదాకా మాట్లాడాడు. కొడుకులూ కూతుళ్ళూ వచ్చి తల్లిదండ్రుల కోసం కొనుక్కుపోయారు. ఇంట్లో ఎవరికీ అవసరం లేనివాళ్ళు కూడా ముచ్చటపడి కొన్నారు. తెచ్చిన సరుకు అయిపోయి ఇంకా తెప్పించారు. ఆ ఉత్సాహంలో మైకు చిన్నక్కకు ఫోను చేసి, "చూశావా?" అన్నాడు. ఆమె నిజంగానే సంతోషించింది. తను చూడకుండానే అంతమంది ఒంటి మీద తన చొక్కా ఉందంటే, ఫ్యాక్టరీ రోజులు గుర్తొచ్చాయి.

తర్వాతి నెలలో కొనడం తగ్గింది. ఆపైన కొన్నవాళ్ళు కొందరు తిరిగి తెచ్చారు. చాలామంది తేలేదు కూడా, బీరువాలో పెట్టి మర్చిపోయారు. ఒకసారి కొన్నవాళ్ళు రెండోది కొనలేదు. మైకుకు కారణం అంతుబట్టలేదు. గురువారం గదిలోకి వచ్చేవాళ్ళు ఒకటి చిరిగితే ఇంకోటి కావాలని చిన్నక్క ప్రాణం తోడేస్తున్నారు, షోరూములో చూస్తే ఎవరూ రెండోసారి రావడం లేదు.

కారణం ఒక గురువారం తనంతట తనే నడిచి వచ్చింది. ఒక ఫోటోగ్రాఫరు, చేతిలో ప్లాస్టిక్ కవరులో షోరూము చొక్కా. అతనికి కుడి చెయ్యి పడిపోయింది. చొక్కాల సంగతి వ్యాయామం డాక్టరమ్మ చెబితే, కుట్టిన మనిషిని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ వేళకు మైకు కూడా అక్కడే ఉన్నాడు, టీ తాగుతూ.

"ఇది కుట్టింది ఎవరు?" అన్నాడు ఫోటోగ్రాఫరు. గొంతు పెంచలేదు. "షోరూములో అడిగితే సైజు మార్చుకోమన్నారు. సైజు కాదు సమస్య. మా అమ్మాయి దీన్ని నా పుట్టినరోజుకి తెచ్చింది. దాని ముందు తొడుక్కోవాలని చూశాను. చేతకాలేదు. మళ్ళీ తనే తొడిగింది. మామూలు చొక్కా అయితే తొడిగించుకోవడానికి నాకు సిగ్గుండదు. ఒంటిచేత్తో తొడుక్కోవచ్చని రాసి ఉన్నది తొడిగించుకోవాల్సి వచ్చింది."

 కాలరక్క చొక్కా అందుకుని బల్ల మీద పరిచింది. కాలరు నలిగి ఉంది. టిచ్ బటన్లు ముందు వరసలో ఉన్నాయి, నిటారుగా, నడి పొట్ట మీదుగా.

"ఇవి ఇక్కడికెలా వచ్చాయి?" అంది తమ్ముడితో.

మైకు గొంతు సవరించుకున్నాడు. "పక్కనుంచి తెరుచుకుంటే హ్యాంగరుకి వేలాడదీసినప్పుడు వంకరగా కనబడుతోందన్నారు. అద్దంలో బాగా ఉండదని... నేనే సరే అన్నాను. బటన్లు బటన్లే కదా అనుకున్నాను."

"ఎముక మీద ఉండాలని చెప్పాను కదరా."

"చెప్పావు. నాకు రెండు చేతులున్నాయి కదక్కా, బుర్రకెక్కలేదు."

 పెద్దక్క ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, "కూర్చోండి. ముందు నా చొక్కా చూడండి" అంది. డ్రైవరు లేచి తన కుర్చీ అతనికి జరిపాడు. కాలరక్క అక్కడే కత్తెర తీసి షోరూము చొక్కా కుట్లు విప్పసాగింది. సాయంత్రానికి ఫోటోగ్రాఫరు అక్క పాత చొక్కాతో నేర్చుకున్నాడు. చొక్కా అతనికి పొట్టిగా ఉండి నాభి కనిపిస్తోంది. ఎవరూ నవ్వలేదు, అతనే నవ్వాడు. మరుసటి వారం తన కొలతకు సరిచేసిన చొక్కా తీసుకుని, కూతుర్ని కూడా వెంటబెట్టుకుని వచ్చి, ఆమె చూస్తుండగా తొడుక్కున్నాడు.

మిగిలిన సరుకు అంతా మూటలు కట్టించి మైకు కాలరక్క గదికి తెచ్చి పడేశాడు. మంచానికీ గోడకూ మధ్య ఖాళీ లేకుండా నిండిపోయింది.

"ఆసుపత్రులకి ఊరికే పంచేద్దాం చిన్నక్కా. కనీసం కళ్ళముందు ఉండవు."

"ఊరికే ఇస్తే ఊరికే పడి ఉంటాయి. ఇక్కడే ఉండనీ. మనిషొచ్చినప్పుడు ఒకటి తీసి, విప్పి, వాళ్ళ ఎముకకి తగ్గట్టు కుడతాను."

"అవన్నీ అయ్యేసరికి మనం ముసలాళ్ళమైపోతాం."

"ఇప్పుడేమైనా పడుచువాళ్ళమా?"

మైకు కాసేపు మూటల మీద కూర్చున్నాడు.  తర్వాత లేచి, "కుట్లు విప్పడం నాకు నేర్పు" అన్నాడు. అప్పట్నుంచి ఆదివారాలు వచ్చి కుట్లు విప్పేవాడు. బాగానే విప్పేవాడు, అప్పుడప్పుడు గుడ్డ కూడా కోసేవాడు. షోరూములో ఎవరైనా చొక్కా సంగతి అడిగితే అమ్మడం మానేసి, గురువారం ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవాడు. యజమాని గొణిగాడు గానీ ఉద్యోగం తీయలేదు.

మూటలు మెల్లమెల్లగా తరిగాయి. గోడ మళ్ళీ కనబడటానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ కాలంలో గది మనుషులు మారుతూ వచ్చారు. కొందరికి చెయ్యి తిరిగి వచ్చింది. వాళ్ళకు ఒంటిచేతి చొక్కాతో పని లేదు, అయినా గురువారం వచ్చేవారు, నేర్పడానికి. ఇంకొందరు చెయ్యి రాగానే మాయమయ్యారు, దారిలో కనబడ్డా తల తిప్పుకున్నారు. ఆ రోజులు గుర్తు చేసుకోవడం వాళ్ళకు ఇష్టం లేదు. కాలరక్క దానికి నొచ్చుకోలేదు. "మన చొక్కా మర్చిపోయారంటే బాగయ్యారనే కదా" అంది. అక్క ఒప్పుకోలేదు. కనీసం పలకరించాలి అంది. ఈ విషయంలో అక్కాచెల్లెళ్ళకు ఎప్పటికీ పొసగలేదు.

అక్క చెయ్యి రాలేదు. రెండోసారి జబ్బు చేసినప్పుడు మాట కూడా పోయింది. అయినా గురువారం కుర్చీలో కూర్చునేది. కొత్తవాళ్ళు కండ మీద నొక్కితే తన ఎడమ చేతి వేలితో వాళ్ళ ఎముకను తట్టి చూపించేది. ఒక చలికాలం ఆమె నిద్రలోనే పోయింది. బావగారు ఆమెకు ఆఖరిసారి చొక్కా తానే తొడుగుతానన్నాడు. ఈసారి ఒక్క బటనూ తప్పు పడలేదు. కాలరక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఏడుపు తర్వాత వచ్చింది, ఇంటికి వెళ్ళాక, మిషను ముందు కూర్చున్నాక.

గది ఆగిపోతుందనుకుంది. గురువారం బావగారు ఎప్పటిలాగే కుర్చీలు వేసి టీ నీళ్ళు పెట్టాడు. మనుషులు వచ్చారు. అక్క కుర్చీలో మొదట ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి పొలం ఆవిడ కూర్చుంది, కొత్తగా వచ్చిన ఒకామెకు చూపించాలంటే బల్లకు దగ్గరగా ఉన్న కుర్చీ అదొక్కటే మరి.

ఆ తర్వాత సంవత్సరం వ్యాయామం డాక్టరమ్మకు వేరే ఊరికి బదిలీ అయింది. వెళ్ళబోతూ కాలరక్క దగ్గరికి వచ్చి, అక్కడ మొదలుపెట్టడానికి పాతిక చొక్కాలు కావాలంది.

"పాతిక వద్దు, రెండు తీసుకెళ్ళండి. వాటితో పాటు ఒక మనిషిని కూడా" అంది కాలరక్క.

డ్రైవరు వెళ్తానన్నాడు. ప్రయాణీకుడిలా కిటికీ పక్కన కూర్చుని బస్సులో వెళ్ళాడు, దారి పొడుగునా బ్రేకు వేసిన ప్రతిసారీ తన కుడి కాలు కూడా నేలను నొక్కిందని వచ్చాక చెప్పాడు. అక్కడ వారం రోజులు ఉండి ఇద్దరికి నేర్పాడు. ఒకరు బడిపంతులు, ఇంకొకరు ఆయన కంటే మొండి. ఇద్దరూ నేర్చుకున్నారు. మూడోవాళ్ళకు వాళ్ళే నేర్పుకుంటారట. అక్కడ వాళ్ళకు బుధవారం అయితే కుదురుతుందట.

"ఇంకేమన్నారు?" అంది కాలరక్క.

"పంతులుగారికి జేబు మీద కోపం. పెన్ను పెట్టుకునే జేబు పనిచెయ్యని చెయ్యి వైపు ఉండకూడదంటాడు, ఆ భుజం వాలిపోయి పెన్ను జారిపోతుందట. మంచి చెయ్యి వైపూ ఉండకూడదట, అదే చేత్తో అదే పక్క జేబులోకి వంగదట. మరి ఎక్కడ పెట్టాలయ్యా అంటే, అది మీరు ఆలోచించుకోండి అన్నాడు."

కాలరక్క తన ఎడమ చేతిని వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో గుండెల మీద తడుముకుంటూ కొంతసేపు కూర్చుంది. తర్వాత సుద్దముక్క తీసుకుని డ్రైవరును దగ్గరికి రమ్మంది. "కదలకుండా నిలబడు" అని అతని చొక్కా మీద, కొంచెం నడిమికి, కొంచెం ఏటవాలుగా జేబు అంచుకి ఒక గీత గీసి, "ఇప్పుడు పెన్ను తీసినట్టు తియ్యి" అంది.